కొలువునకు చెప్పవలసిన మాట

మన యిండ్లలో గర్భవార్తకు ఒక త్రోవ యున్నది. మొదట తల్లికి తెలియును, లేదా అత్తగారు కనిపెట్టును. మూడవ నెల నిండువఱకు ఇరుగుపొరుగువారి చెవిని వేయరు. దృష్టిదోషము తగులునని యొక భయము, నిలుచునో నిలువదో యని మఱియొక భయము. అయిదవ నెలలోనో యేడవ నెలలోనో గాజులు తొడిగి, సీమంతము చేసి, నలుగురికి చాటుదురు. ఎప్పుడు, ఎవరికి, ఎంతవఱకు చెప్పవలెనో ప్రతి యింటి పెద్దలకును తెలియును. కాని గడచిన నూఱేండ్లలో ఈ వార్త వినవలసినవారిలో క్రొత్తవాడొకడు చేరినాడు. అతడు ఉద్యోగమిచ్చిన యజమాని. అతనికి ఎప్పుడు చెప్పవలెనో మన పెద్దలెవరును చెప్పిపోలేదు.

నిరుడు జ్యేష్ఠమాసమున, నాకడ చదువుకొన్న యొక అమ్మాయి తన తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. బి.కాం. పరీక్షలో కృతార్థురాలై, రెండేండ్లు ఉద్యోగమునకై తిరిగి, ఆ నెలలోనే యొక వ్యాపారసంస్థ లెక్కల శాఖలో చేరినది. కూర్చుండి, కొంతసేపు నేల చూచి, ఇట్లు అడిగినది: "మాస్టారూ, ఇంటర్వ్యూ నాటికే నాకు నెల తప్పిందని తెలుసు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు మూడో నెల. చెబితే మోసం చేశావంటారేమో. చెప్పకుండా ఎన్నాళ్లు దాచగలను? నేను చేసింది తప్పా?"

ఆమెకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. సత్యమును గుఱించి నలుబదిమంది పిల్లలకు ప్రతిదినము పాఠము చెప్పు నా నోట మాట రాకపోవుటకు కారణ మొకటి యున్నది. ఆ ప్రశ్నకు ఆవలి ప్రక్కను నేనును కూర్చుండినవాడనే. మా పాఠశాలకు ఉపాధ్యాయినులను ఎన్నుకొను సంఘములో పలుమాఱు సభ్యుడనై, "పెండ్లి అయినదా, అమ్మా? పిల్లలా?" అని యడిగితిని. ఒకమాఱు, తక్కినవారికంటె చక్కగా పాఠము చెప్పిన యొక నవవధువును, "నడుమ సెలవు పెట్టును, పరీక్షలు చెడును" అను మాటతో మేమందఱము ప్రక్కకు నెట్టితిమి. నేను అడ్డు చెప్పలేదు. కనుక ఆ అమ్మాయి ప్రశ్న ఆమె దొక్కతెదే కాదు, నాది కూడ. ఈ విషయమున లోకము నడచివచ్చిన త్రోవ ఎట్టిదో తెలిసికొన్నగాని ఆమెకు బదులు చెప్పరాదని తోచినది. నాకు తెలిసినదానిని పాఠకుల ముందుంచుచున్నాను.

పూర్వమును తడవినచో రెండు విధములైన మాటలు కనబడును. గర్భవతిని కనికరింపవలెనను మాట మన గ్రంథములలో కొఱవడలేదు. నాలుగవ నెలలో శిశువు హృదయము వ్యక్తమగునని, అప్పుడు తల్లి రెండు హృదయములు గలది యగునని, కాబట్టియే ఆమెకు దౌహృదిని యని పేరని సుశ్రుతసంహిత చెప్పును. రెండవ నెల మొదలు గర్భిణికి రేవు పన్ను లేదని మనుస్మృతి విధించెను. నిండుకడుపుతో పడవ యెక్కువారిని ఊరక దాటింపవలెనని కౌటిల్యుడును చెప్పెను. అయితే ఈ కనికరమంతయు దారిని పోవు స్త్రీకి, ఇంట నుండు స్త్రీకి చెందినది. పరుల క్రింద పని చేయు స్త్రీ మాట యేమి?

దానికిని అర్థశాస్త్రమున ఒక వాక్యము గలదు. గర్భవతియైన దాసిని, ఆమె ప్రసవపోషణకు తగిన యేర్పాటు చేయకయే అమ్మినను కుదువబెట్టినను ఆ యజమానునికి పూర్వసాహసదండము విధింపవలెనని కౌటిల్యుడు చెప్పెను. అంతటితో విడువక, కొన్నవానికిని సాక్షులకును అదే దండమనెను. దీనిని చూచి మన పూర్వులు సర్వము నెఱిగినవారని మురియుట తగదు. మనిషిని అమ్ముటయు కొనుటయు తప్పుగా తోచని కాలపు మాట యది. కాని యా చీకటిలోనే యొక న్యాయసూత్రము మినుకుమన్నది. గర్భవతి క్రొత్త యజమానుని చేతిలోనికి పోవునప్పుడు, ప్రసవమునకు ఏర్పాటున్నదా యని విచారింపవలసిన భారము ఆమెపై లేదు. ఇచ్చువానిపైనను పుచ్చుకొనువానిపైనను ఉన్నది. ఈ సూత్రమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ఇరువదియవ శతాబ్దము దానిని తిరిగి కనుగొనుటకు ఎంతో శ్రమపడినది.

గర్భవతి మాటను సభ నమ్మదను సంగతియు మనకు క్రొత్త కాదు. భారతమున శకుంతల కొడుకును వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువునకు పోయెను. కాళిదాసు ఆమెను నిండుచూలాలిగ పంపెను. ఆ మార్పుచే సభలో ఆమె నిలిచిన నిలుపే వేఱైనది. ఆమె దేహమే సాక్ష్యము చెప్పుచుండగా సభ గుర్తు అడిగినది. ఉంగరము లేదు గనుక మాట చెల్లలేదు.

యంత్రశాలలు వచ్చినపిమ్మట ఈ కథ వేఱొక సభలో జరిగినది. మిల్లులలో స్త్రీలు వేలకొలదిగ చేరిరి. కడుపు కనబడువఱకు పనిచేయుట, కనబడినపిమ్మట కూలి పోగొట్టుకొనుట, లేదా ప్రసవమైన కొలది దినములకే మరల యంత్రము కడ నిలుచుట, ఇది వారి బ్రతుకు. ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919లో వాషింగ్టను నగరమున అంతర్జాతీయ కార్మికసంస్థ మొదటి మహాసభ కూడి, ప్రసూతిరక్షణమునుగుఱించి యొక ఒడంబడిక చేసెను. ప్రసవమైన ఆఱు వారములు స్త్రీచే పని చేయింపరాదు. వైద్యుని పత్రముపై అంతకు ముందు ఆఱు వారములు ఆమె పని మానవచ్చును. ఆ సెలవులో ఆమెను తొలగింపరాదు. తిరిగి వచ్చినపిమ్మట బిడ్డకు పాలిచ్చుటకు దినమునకు రెండుమాఱులు అరగంట చొప్పున విరామ మీయవలెను. ఇవి అందఱు చెప్పుకొను నిబంధనలు. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి యున్నది. ఆ కాలపు భృతిని ప్రభుత్వనిధినుండి గాని, భీమా పద్ధతిచే గాని ఈయవలెనని ఆ ఒడంబడిక చెప్పెను. ఒక్క యజమాని జేబునుండి ఈయవలెనని చెప్పలేదు. ఈ భేదము చిన్నదిగ కనబడును గాని, మన ప్రశ్నకు మూలమంతయు ఇందే యున్నది.

మనదేశమున 1924లో ఎన్. ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో ప్రసూతిభృతి బిల్లును ప్రవేశపెట్టిరి, అది నెగ్గలేదు. తరువాత బొంబాయి శాసనమండలిలో అట్టి బిల్లు వచ్చినపుడు, 1928 జూలైలో డాక్టరు అంబేద్కరుగారు దానిని సమర్థించుచు మాటలాడిరి. ప్రసవమునకు ముందును వెనుకను తల్లికి విశ్రాంతి దొరకుట దేశమునకే క్షేమమని, కనుక ఈ భారము చాలవఱకు ప్రభుత్వమే వహింపదగినదని ఆయన యొప్పుకొనిరి. అయినను, ఆ స్త్రీల శ్రమచే లాభము పొందు యజమాని బాధ్యతనుండి బొత్తిగ తప్పుకొనరాదని వాదించిరి. 1929లో బొంబాయి శాసనము వచ్చినది. మన సర్కారు జిల్లాలును సీమ జిల్లాలును చేరియుండిన మదరాసు రాజధానికి 1934 నాటి శాసన మేర్పడినది. గనులలో పనిచేయు స్త్రీలకు 1941లో కేంద్రశాసనము వచ్చెను. స్వతంత్రము వచ్చిన మఱుసటి యేడు, 1948లో, ఉద్యోగుల రాజ్యభీమా చట్టము పుట్టెను. దానిచే భృతి భీమానిధినుండి వచ్చును. 1950లో అమలైన రాజ్యాంగము 42వ అధికరణమున ప్రసూతిసహాయమును రాజ్యము కర్తవ్యములలో చేర్చెను. 1961లో దేశమంతటికిని ఒక ప్రసూతి సౌకర్యముల చట్టము ఏర్పడెను.

ఇన్ని చట్టములును మేలే చేసినవి. కాని భీమా క్రిందికి రాని స్త్రీల విషయమున 1961 చట్టము భృతిభారమును యజమానిపైననే మోపెను. అంబేద్కరుగారు ప్రభుత్వము మోయదగినదన్న పాలు చాలచోట్ల మోయబడనేలేదు. దీని ఫలమేమి? "నేను గర్భవతిని" అను మాట తల్లి నోట వెలువడగనే, వినువాని మనసున ఒక లెక్క మొదలగును: ఇన్ని వారముల జీతము, ఆమె స్థానమున ఇంకొకరి జీతము. శుభవార్త ఖర్చుపద్దుగ మాఱినది. ఆ పద్దు తప్పించుకొనుటకు కొందఱు యజమానులు నియమములే వ్రాసికొనిరి. అప్పుడు ప్రభుత్వరంగములో నుండిన ఎయిర్ ఇండియా విమానసంస్థలో, మొదటి గర్భముతోనే పరిచారిక ఉద్యోగము పోవునను నియమము 1981వఱకు నడిచినది. ఆ యేడు సుప్రీముకోర్టు దానిని కొట్టివైచి, స్త్రీత్వమునకే అవమానముగ భావించినది. అయితే అదే తీర్పు, కొలువున చేరిన నాలుగేండ్లలోపల పెండ్లి చేసికొనరాదను నియమమును నిలువనిచ్చెను. న్యాయము ఒక్కొక్క మెట్టే యెక్కును.

ఇక మన ప్రశ్నకు నేరుగ సంబంధించిన మూడు వ్యాజ్యములను చూతము. మూటియందును ఒక స్త్రీ క్రొత్త ఉద్యోగమునకు పోయినది, మూటియందును ఆమె గర్భవతి. చెప్పిన కాలము మాత్రము వేఱు.

మొదటిది నెదర్లాండ్సు దేశపు కథ. 1981లో ఒకామె యువజన శిక్షణకేంద్రములో బోధకురాలి పదవికి దరఖాస్తు పెట్టినది. ఎన్నికసంఘము ఎదుట తాను మూడు నెలల గర్భవతినని తానే చెప్పినది. సంఘము ఆమె నిజాయితీని మెచ్చుకొనియో మెచ్చుకొనకయో గాని, ఆమెయే మిక్కిలి తగినదని సిఫారసు చేసినది. కాని యాజమాన్యము ఆమెను తీసికొనలేదు. చేరుటకు ముందే తెలిసిన స్థితి గనుక భీమాసంస్థ భృతిని తిరిగి చెల్లింపదనియు, ఆ నష్టము తాము భరింపలేమనియు కారణము చెప్పిరి. తొమ్మిదేండ్లకు, 1990 నవంబరు 8న, యూరపు సమాజపు న్యాయస్థానము తీర్పు చెప్పినది: గర్భము స్త్రీకే సంభవించును గనుక, ఆ కారణమున ఉద్యోగము నిరాకరించుట స్త్రీ యను కారణమున నిరాకరించుటయే; ధననష్టము దానికి సమాధానము కానేరదు.

రెండవది మనదేశమునది. 1989లో ఒకామె వ్రాతపరీక్షలోను సంభాషణలోను నెగ్గి, భారత జీవితభీమాసంస్థలో సహాయకురాలుగ చేరినది. చేరునప్పుడు ఆమె ఒక పత్రము నింపవలసి వచ్చెను. అందలి ప్రశ్నలను ఇచట వ్రాయుటకు నా కలము సంకోచించుచున్నది, కాని దాచిన నేమి లాభము? ఋతుక్రమము సరిగ నుండునా, బాధ యుండునా, ఎన్నిమాఱులు గర్భము ధరించితివి, కడపటి ఋతువు ఏ తేదీ, ఇప్పుడు గర్భవతివా, గర్భస్రావ మేమైన నైనదా, ఇవి ఆ ప్రశ్నలు! సంస్థవారి వైద్యురాలే పరీక్షించి ఆమె ఉద్యోగమునకు తగినదని వ్రాసియిచ్చెను. కొన్నాళ్లకు ఆమె ప్రసూతిసెలవు కోరి, 1990 జనవరిలో బిడ్డను కన్నది. ఫిబ్రవరిలో, ప్రొబేషను ఇంకను ముగియకమునుపే, ఆమెను తొలగించిరి. పత్రములో ఋతువు తేదీ తప్పు వ్రాసినదని వారి వాదము. 1991లో సుప్రీముకోర్టు ఆ పత్రమును చూచి, దోషము ఆమె యుత్తరములో గాక ఆ ప్రశ్నలలోనే కలదని గ్రహించెను. మానముగల స్త్రీ బదులీయజాలని ప్రశ్నలవి యని పలికి, ఆమెను తిరిగి కొలువులో చేర్చుకొనుమనియు, ఆ గడులను పత్రమునుండి తీసివేయుమనియు ఆజ్ఞాపించెను.

మూడవది డెన్మార్కు కథ. 1995 జూలైలో ఒకామె ఆఱునెలల గడువుతో ఒక టెలిఫోను సంస్థలో చేరినది. ఆగస్టులో తాను గర్భవతిననియు, నవంబరులో ప్రసవమనియు చెప్పినది. గడువులో పెద్దపాలు పని చేయలేని స్థితిని చేరునాడే యేల చెప్పలేదని ఆమెను తొలగించిరి. 2001 అక్టోబరు 4న అదే యూరపు న్యాయస్థానము ఆ తొలగింపు చెల్లదనెను. ఉద్యోగము ఆఱునెలలదే యైనను, ఆమె ముందుగ చెప్పకపోయినను, ఆ గడువులో చాలపాలు ఆమె పనిచేయలేకపోయినను, న్యాయము మాఱదని తీర్పిచ్చెను.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన నాకు కనువిప్పు కలిగినది. ఒకామె ముందే చెప్పినది, ఉద్యోగము రాలేదు. ఒకామె అడిగిన కాగితము నింపినది, ఉద్యోగము పోయినది. ఒకామె చేరినపిమ్మట చెప్పినది, ఉద్యోగము పోయినది. చెప్పిన కాలము మాఱినను ఫలము మాఱలేదు. కనుక "ముందే చెప్పవలసినదిగదా!" యని మనము స్త్రీని మందలించు మాట వట్టి బూటకము. ముందు చెప్పినదానిని మనము తీసికొన్నామా? తీసికొనియుండినచో రెండవదియు మూడవదియు ముందే చెప్పియుందురు. సత్యము చెప్పినవానికి దండన విధించు చోట సత్యము చెప్పలేదని నిందించుటకు మనకు అధికారము లేదు.

ఈ యనుభవములనుండియే కొన్ని నియమములు పుట్టినవి. 2000 సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడిక ఉద్యోగమునకు వచ్చిన స్త్రీని గర్భపరీక్ష చేయించుకొమ్మని గాని, గర్భవతి కానని పత్రము తెమ్మని గాని కోరరాదని చెప్పెను. తల్లికి గాని బిడ్డకు గాని హాని చేయునదిగ చట్టము గుర్తించిన పనులు మాత్రము దీనికి మినహాయింపు. మన 1961 చట్టమును వెదకితిని. చేరునాడే గర్భమును ప్రకటింపవలెనను విధి అందెక్కడను లేదు. సెలవు ఏ తేదీనుండి కావలెనో వ్రాతమూలకముగ తెలుపవలెనని మాత్రమే యున్నది. ముందు తెలుపలేకపోయినచో ప్రసవమైనపిమ్మటనైన తెలుపవచ్చును. ఆ తెలుపుడు లేకపోయినను ఆమె హక్కు పోదు. భృతికి అర్హత మొదట 160 దినముల పని; 1988 సవరణతో అది 80 దినములైనది. అనగా క్రొత్తగ చేరిన స్త్రీని చట్టము తెలిసియే లోనికి రానిచ్చినది. 2017 సవరణతో సెలవు 26 వారములైనది. ఇద్దఱు పిల్లలున్నవారికి 12 వారములు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి పాతచట్టము స్థానమున నిలిచి, 80 దినముల నియమమును 26 వారముల సెలవును కొనసాగించినది.

2017 సవరణలో మఱియొక మాట యుండెను. దానిని చదివినప్పుడు నాకు కౌటిల్యుని వాక్యము స్మరణకు వచ్చినది. స్త్రీని నియమించునాడే, ఆమెకు చట్టముచే లభించు ప్రతి సౌకర్యమును యజమాని వ్రాతమూలకముగ తెలుపవలెనని ఆ సవరణ విధించినది. అనగా మొదట చెప్పవలసినవాడు యజమాని! ఆ అమ్మాయిని అడిగితిని: "అట్టి కాగిత మేదైన నీకు ఇచ్చినారా, అమ్మా?" "లేదు మాస్టారూ," అన్నది. అట్లయినచో ఆ బల్లకు రెండువైపుల మొదట మౌనము వహించినది ఎవరు?

న్యాయస్థానములు ఈ రక్షణను క్రమముగ విస్తరింపజేసినవి. ఢిల్లీ నగరపాలక సంస్థలో దినకూలిపై పనిచేయు స్త్రీలకు ప్రసూతి సౌకర్యము లేదన్న వాదమును 2000 మార్చి 8న సుప్రీముకోర్టు త్రోసిపుచ్చెను. ఒప్పందపు గడువు సెలవు నడుమ ముగిసినను, గడువునకు పిదపి కాలమునకును సౌకర్య మీయవలసినదే యని 2023లో అదే కోర్టు తీర్పు చెప్పినది. అయినను పాత యలవాటు సులభముగ చావదు. 1991 తీర్పు వచ్చి ముప్పదియేండ్లు గడచినపిమ్మట, 2021 డిసెంబరు 31న భారతీయ స్టేటు బ్యాంకు ఒక ఉత్తరువు వెలువరించినది. మూడునెలలు దాటిన గర్భవతులను తాత్కాలికముగ అనర్హులుగ నెంచి, ప్రసవమైన నాలుగునెలలలోపల చేర్చుకొందుమని దాని సారాంశము. దేశమెల్లెడల ఆక్షేపణ రాగా, 2022 జనవరి 29న దానిని విడిచిరి. ఒక నెలలో విడిచినందుకు సంతసింపవలెను. ఆ ఉత్తరువు వ్రాసినవారికి ముప్పదియేండ్ల వెనుకటి తీర్పు గుర్తు రానందుకు విచారింపవలెను.

యజమాని పక్షమునను ఒక మాట యున్నది. దానిని దాచుట న్యాయము కాదు. పదిమంది పనిచేయు చిన్న కార్యాలయములో ఒకరు ఆఱునెలలు లేకున్న కష్టమే. పరీక్షల ముందు ఉపాధ్యాయిని సెలవు పెట్టినచో పిల్లలకు నష్టమే, నే నెఱుగుదును. కాని ఈ కష్టమునకు మందు ఆమెను తీసికొనకుండుట కాదు. ఎవరి శ్రమచే రేపటి పౌరుడు పుట్టుచున్నాడో ఆమె యొక్కతెయు, ఎవరి కొలువులో ఆమె యున్నదో ఆ యజమాని యొక్కడును ఆ ఖర్చు మోయుట యుక్తము గాదు. 1919లో వాషింగ్టనులో చెప్పినదియు, 1928లో బొంబాయిలో అంబేద్కరుగారు ఒప్పుకొన్నదియు ఇదియే. భృతి సమాజనిధినుండి వచ్చిననాడు యజమాని మనసున లెక్క మొదలుకాదు. లెక్క లేనిచోట దాపరికము అక్కఱలేదు. అంతవఱకు స్త్రీ నిజాయితీ యనునది మనము చేసిన యేర్పాటునకు ఆమె చెల్లించు పన్ను.

చెప్పుటకు ఒక యజమాని యున్న స్త్రీలు మనలో కొలదిమందియే యని మఱువరాదు. వరినాటులో నడుము వంచు కూలియమ్మ ఎవరికి వ్రాతమూలకముగ తెలుపును? నేడు ఒక రైతు పొలము, రేపు ఇంకొకరిది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము అట్టి తల్లులకు ఆఱువేల రూపాయలకు తక్కువ గాని సహాయము నిర్ణయించినది. ఇరువదియాఱు వారముల జీతము కడ ఈ మొత్తమును పెట్టి చూచినచో, మన దయ ఎవరి గుమ్మము కడ ఆగిపోయినదో తెలియును.

ఇక ఆ అమ్మాయికి నేను చెప్పిన బదులు. "నీవు అబద్ధమాడలేదు, అమ్మా. అడిగిన ప్రశ్నకు తప్పు చెప్పుట అబద్ధము. అడుగదగని దానిని చెప్పకుండుట మౌనము. ఆ మౌనమునకు నీకు హక్కు కలదు. అయితే దాచి భయపడుచు నుండుట నీ యొంటికి మంచిది కాదు. బరువు లెత్తు పనియో విషవస్తువులతో పనియో యైనచో రేపే చెప్పుమందును. నీది లెక్కల పని గనుక, వైద్యురాలిని చూచి, నీకు ధైర్యము కలిగిననాడు చెప్పుము. నోటిమాటతో విడువక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతి నీకడ నుంచుకొనుము. క్షమాపణ మాత్రము వ్రాయకుము." ఆమె తల్లి అంతవఱకు మాటలాడలేదు. లేచునప్పుడు, "ఇంత కతుందని తెలీక దీన్ని నేనే తిట్టానండీ," అన్నది.

నాలుగవ నెల చివర ఆమె ఉత్తరమిచ్చినది. "ముందే చెప్పాల్సింది," అని పై యధికారి అన్నాడట. ఆమె బదులాడక, ఉత్తరము అందినట్లు సంతకము పెట్టుమని రెండవ ప్రతిని ముందుకు జరిపినదట. పెట్టినాడు. పుష్యమాసమున ఆడుపిల్ల పుట్టినది. సెలవు ముగిసి తిరిగిపోవునాటికి ఆమె బల్ల ఆమెకు మిగులునో లేదో చూడవలసియున్నది. చట్టమొకటి, కార్యాలయపు గాలి యొకటి.

నా సంగతి కూడ చెప్పి ముగింతును. ఈ యేడు మరల ఎన్నికసంఘములో కూర్చుంటిని. మా దరఖాస్తు పత్రములో సంతానమునుగుఱించిన గడి యొకటి యుండెడిది. దానిని తీసివేయవలెనని సంఘమువారితో అంటిని. ఒకరు నవ్విరి, ఒకరు చట్టమేమనుచున్నదని యడిగిరి, ఒకరు వచ్చే యేడు చూతమనిరి. గడి ఇంకను పోలేదు. నేను మాత్రము ఆ ప్రశ్న అడుగలేదు. ఆనాడు ప్రక్కకు నెట్టిన ఆ నవవధువు ఇప్పుడెక్కడ పాఠము చెప్పుచున్నదో నాకు తెలియదు.